నేల పదునుకొచ్చిందా?

దసరా సెలవులకు మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఒక్కడే రాలేదు, కారు వెనకాల తాళ్లతో కట్టించుకుని సైకిలు కూడా తెచ్చుకున్నాడు. ఇరవయ్యొక్క గేర్లు, ముందు ఫోర్కుకు షాక్ అబ్జార్బర్లు, చింతగింజలంత గుబ్బలున్న వెడల్పాటి టైర్లు. మడ్‌గార్డుల్లేవు, క్యారియర్ లేదు, ఆఖరికి స్టాండు కూడా లేదు. మా చిన్నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇంత దుడ్డు పోసి స్టాండు లేని సైకిలు కొన్న్యారా!" అన్నాడు.

"ఇది మౌంటెన్ బైక్ తాతా. దీనికి రోడ్డుతో పనిలేదు. రాళ్లు, గుట్టలు, బురద... ఏదైనా తొక్కొచ్చు" అన్నాడు వాడు.

"బురద కూడానా?" చిన్నాయన నవ్వాడు.

మా పల్లె మైదుకూరుకు పడమర, కుందూ వైపు. ఊరు దాటితే చాలు, కంటికి ఆనినంత దూరం నల్లరేగడి. ముందు రాత్రి హస్త కార్తె వాన దంచి కొట్టింది. తెల్లారేసరికి ఎండ కాసింది. బండ్లబాట పైకి చూడ్డానికి మెరుస్తూ చక్కగా ఉంది. వాడు హెల్మెట్ పెట్టుకుని బయల్దేరుతుంటే చిన్నాయన అరుగు మీద నుంచే కేకేశాడు. "రేగడిలోకి పోవాకు మనవడా. ఈ పొద్దు కాదు, రేపు కాదు, ఎల్లుండీ అనుమానమే."

విన్లేదు. పద్నాలుగేళ్ల వయసులో మనం మాత్రం విన్నామా?

అరగంట తర్వాత వెతుక్కుంటూ వెళ్తే ఊరికి ఫర్లాంగు దూరంలో కనిపించాడు. రెండు చక్రాలూ కదలడం లేదు. టైరుకూ ఫోర్కుకూ మధ్య మట్టి ముద్దలు ముద్దలుగా ఇరుక్కుపోయింది. బ్రేకులు ఎక్కడున్నాయో కనపడ్డం లేదు. చైను నల్లటి తాడులా తయారైంది. వాడి బూట్ల కింద ఒక్కోదానికి రెండు కిలోల మట్టి. తోద్దామంటే తిరగదు, వదిలేద్దామంటే మనసొప్పదు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఊళ్లోకి మోసుకొచ్చాం. మనల్ని మొయ్యాల్సిన సైకిల్ని మనమే మొయ్యడం రేగడి నేలల్లో పుట్టినవాళ్లెవరికీ కొత్త కాదు. మా నాన్న వానాకాలం రాగానే సైకిలుకు మడ్‌గార్డులు విప్పి అటక మీద పెట్టేవాడు. సీటు కింద ఎప్పుడూ ఒక కంపపుల్ల దోపి ఉండేది, మట్టి గీకడానికి. ఆ పుల్ల లేకుండా చేనికి పోయిన రోజున ఆయన రావడం ఆలస్యమైతే ఎందుకని అమ్మ అడిగేది కాదు.

ఇంతకీ ఈ మట్టికి ఇంత పట్టుదల ఎందుకు? కుందూ లోయలో నాపరాయి, సున్నపురాయి, పలకరాతి పొరలు వేల ఏళ్లుగా అరిగి అరిగి ఈ నేల అయింది. ఇందులో మాంట్‌మోరిల్లోనైట్ జాతి బంకమన్ను ఎక్కువ. దాని రేణువులు పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఉంటాయి. నీళ్లు ఆ పొరల మధ్యకు దూరితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని బీటలిస్తుంది. ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు కనిపించే చేలల్లోనే వానాకాలం కాలు దిగబడేది అందుకే. రోడ్లేసే ఇంజనీర్లకు కూడా రేగడి అంటే గుండెదడే. కింద నేల ఉబ్బుతూ కుంగుతూ ఉంటే పైన తారు ఎంత మందం పోసినా నెర్రెలిస్తుంది కదా!

ఇంకో విచిత్రం ఉంది. వాన కురుస్తున్నప్పుడు, నీళ్లు నిలిచి ఉన్నప్పుడు ఈ మట్టి జారుతుంది గానీ అంతగా అంటుకోదు. పల్చటి అంబలిలా జారిపోతుంది. అసలు అంటుకునేది వెలిసిన తర్వాత, పైన ఆరినట్టు కనిపిస్తూ లోపల తడి ఉన్న ఆ ఒకటి రెండు రోజుల్లోనే. జొన్నసంకటి సరిగ్గా ఉడికి గరిటెను వదలకుండా పట్టుకునే దశ ఉంటుంది చూడండి, అలాంటిది. "నిన్న వాన పడింది, ఈ రోజు ఎండ కాసింది కాబట్టి వెళ్లొచ్చు" అని పట్నం పిల్లలు అనుకోవడంలో ఉన్న పొరపాటు ఇదే. టైరు మీద గుబ్బలు కొండరాళ్ల మీద పట్టు కోసం పెట్టినవి. రేగడిలో ఆ గుబ్బల సందులన్నీ నాలుగు చుట్లలో పూడిపోతాయి. అక్కణ్నుంచి అది గుబ్బల టైరు కాదు, మట్టి టైరే.

సైకిలు కడుక్కుంటూ వాడు అంతటితో ఆగి ఉంటే ఈ వారం రాయడానికి నాకేమీ ఉండేది కాదు.

మర్నాడు వాడికి ఇంకో ఆలోచన వచ్చింది. బండ్లబాట వద్దు, పిల్లకాలువ గట్టు ఉంది కదా! కె.సి. కాలువ నుంచి మా చేలకు నీళ్లు తెచ్చే చిన్న కాలువ అది. గట్టు మీద గడ్డి ఉంటుంది, కాస్త ఎత్తు కాబట్టి నీళ్లు నిలవవు, సైకిలు పోతుంది. నేనూ సరేనన్నాను. సరేననడమేమిటి, మా నాన్న పాత సైకిలు బయటికి తీసి వాడి వెనకాలే నేనూ తొక్కాను. గట్టు మెత్తగా ఉంది. చక్రాలు రెండంగుళాలు దిగుతున్నాయి గానీ మట్టి మరీ చుట్టుకోవడం లేదు. గడ్డి వేళ్లు కాస్త కాచాయి. మెత్తటి చోట పక్కకు తప్పుకుని గట్టు అంచున తొక్కాం. అక్కడ మరీ దిగబడితే ఇంకొంచెం పక్కకు. పోయింది పోయినట్టే తిరిగొచ్చాం. మూడు రోజులు పొద్దునా సాయంత్రం అదే పని. వాడు గేర్లు మార్చడం నాకు నేర్పాడు. చాలా ఏళ్ల తర్వాత సంతోషంగా సైకిలు తొక్కానని రాయడానికి నాకేమీ సిగ్గు లేదు.

సెలవులయ్యాయి. వాడు వెళ్లిపోయాడు. పది రోజులు వాన లేదు. మేం తొక్కిన గాళ్లన్నీ ఎండి సిమెంటులా గట్టిపడ్డాయి. ఒకదాని మీద ఒకటి, మెలికలు తిరిగి, గట్టు పొడుగునా. వాటి మీద మళ్లీ గడ్డి మొలకెత్తి సందులు కనపడకుండా కప్పేసింది. ఒకనాటి సాయంత్రం మా పక్కింటి పెద్దమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఆ గట్టు మీద వస్తూ, కాలు ఆ గాడిలో మెలికపడి పడిపోయింది. మడమ పైన వాచి, నెల రోజులు మంచం దిగలేదు. ఇంట్లో రెండు బర్రెలు. ఆమె లేచేదాకా వాటికి గడ్డి కోసుకొచ్చేవాళ్లు లేక కోడలు కూలి మానుకుంది.

చూడ్డానికి వెళ్తే ఆమె అన్నది, "ఎవురి బండో ఏమో నాయనా, గట్టంతా నాశనం చేసినారు." ట్రాక్టరు వాళ్లనుకుంది పాపం. నేనేనని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెప్పాక ఆమె తిట్టలేదు. "సైకిలుదా! నీకు యాడ పొయ్యేకి పనుండి ఆ గట్టు తొక్కినావ్?" అని మాత్రం అడిగింది. సమాధానం లేదు. నాకు ఎక్కడికీ పోయే పని లేదు.

ఆ మాటకొస్తే ట్రాక్టర్లు చేసే నష్టం ముందు సైకిలు గీత ఎంత అని మీరడగొచ్చు. బండ్లబాట విషయంలో నిజమే. దమ్ము చక్రాలు తగిలించుకుని ట్రాక్టరు ఒకసారి పోతే వంద సైకిళ్లు కూడా అంత తవ్వలేవు. ఆ బాటలో బురదలోకి దిగితే పాడయ్యేది మీ సైకిలే, బాట కాదు. కానీ గట్లు, కాలిబాటలు, కొండవాలు దారులు వేరు. వాటి మీద మనిషి పాదం తప్ప ఇంకేమీ పడదు. పాదం గుంట చేస్తుంది, చక్రం గీత గీస్తుంది. గుంటలో నీళ్లు నిలిచి ఇంకిపోతాయి. గీతలో నీళ్లు పారతాయి. తర్వాతి వానకు ఆ గీతే చిన్న వాగవుతుంది, మట్టిని కోసుకుపోతుంది. కోసిన చోటు తప్పించుకోవడానికి తర్వాతివాడు పక్కనుంచి పోతాడు. దారి వెడల్పవుతుంది. అటువైపు కాలువ, ఇటువైపు ఎవరిదో పసుపు చేను. వెడల్పయ్యేది ఎవరి సొమ్ముతో?

ఆ గట్టు మీద గడ్డిమోపులే కాదు, హైస్కూలు పిల్లలూ పోతారు. 2016లో 'బడికొస్తా' అనే పథకం పెట్టి ప్రభుత్వ బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. ఆ పథకం ఇప్పుడు లేదు గానీ అప్పటి సైకిళ్లు ఇంకా మా పల్లెలో అక్క నుంచి చెల్లెలికి మారుతూ తిరుగుతూనే ఉన్నాయి. వాన పడిన రోజున ఆ పిల్లలు బడి మానుకోలేరు. తొక్కలేకపోతే దిగి, చెప్పులు హ్యాండిల్‌కు తగిలించుకుని, గట్టు మీద జాగ్రత్తగా తోసుకుపోతారు. పనున్నవాళ్లు అంత ఒద్దికగా వాడుకునే దారిని, పనిలేని మామా అల్లుళ్లం మూడు రోజుల్లో చెడగొట్టాం.

ఈ సంగతి మా పెద్దమ్మ కొడుకుతో ఫోన్లో చెప్పుకున్నాను. వాడు అమెరికాలో డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాడు. వాడికీ ఈ కొండ సైకిలు పిచ్చి ఉంది. విని, "ఇక్కడ వాన పడితే ట్రయల్ మూసేస్తారన్నా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. దారిని మూసెయ్యడమేమిటి?

డాలస్ చుట్టుపక్కల సైకిలు బాటలను చూసుకునే డాలస్ ఆఫ్-రోడ్ బైసికల్ అసోసియేషన్ అనే సంఘం ఉందట. సభ్యులే పలుగూ పారా పట్టుకుని బాటలు బాగుచేస్తారు. ఏ బాట తెరిచి ఉందో, ఏది మూశారో ఇంటర్నెట్‌లో పెడతారు. వాన పడితే చాలా బాటలు 'మూత'. ఆరాక 'తెరిచాం'. మావాడు పొద్దున్నే కాఫీ తాగుతూ అది చూసి గానీ సైకిలు బయటికి తియ్యడు. మూసి ఉన్నప్పుడు వెళ్తే అడ్డుకునే పోలీసులెవరూ ఉండరు గానీ తోటివాళ్లు ముఖం మీదే అడిగేస్తారట.

అంత పట్టింపు ఎందుకని అడిగితే వాడు చెప్పింది విని నవ్వొచ్చింది. "మన రేగడే అన్నా ఇక్కడ! అచ్చం మన కుందూ చేలే." నిజమే. టెక్సాస్ రాష్ట్రం మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి పొడుగ్గా నల్లనేలల పట్టీ ఒకటుంది. బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. డాలస్ దాని మీదే ఉంది. కింద సున్నపురాయి, పైన ఉబ్బే నల్లమట్టి. మన పొలాల్లోలాగే అక్కడా ఒకప్పుడు పత్తి పండించారు. వాన పడితే చెప్పు వదలని ఆ మట్టికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'బ్లాక్ గంబో'. గంబో అంటే బెండకాయతో చేసే ఒక జిగట పులుసు! మైదుకూరు పక్క నుంచి వెళ్లినవాడు భూగోళం అవతల మళ్లీ రేగడిలోనే ఇల్లు కట్టుకున్నాడన్నమాట.

అసలు ఈ సైకిలు పుట్టింది కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, టమాల్‌పాయస్ కొండ చుట్టుపక్కల. 1970ల్లో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండ మీది నుంచి కిందికి దూకించేవారు. 1976లో పందేలు కూడా మొదలెట్టారు. ఆ పందేనికి పేరు 'రీప్యాక్'. ఆ సైకిళ్లకు పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులుండేవి. కొండ దిగేసరికి వేడికి హబ్బులో గ్రీజంతా కాలిపోయేది. మళ్లీ గ్రీజు కూరితే గానీ రెండోసారి తొక్కలేరు, అందుకే ఆ పేరు. మన సైకిలు షాపు భాషలో చెప్పాలంటే దిగిన ప్రతిసారీ ఓవరాయిలింగే. ఆ ఆటే 1996 అట్లాంటా ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అయితే సైకిళ్లు పెరిగేకొద్దీ కొండ దారుల్లో నడిచేవాళ్లకూ వీళ్లకూ గొడవలు పెరిగాయి. 1988లో సైకిలు సంఘాలు కలిసి అంతర్జాతీయ సంఘం ఒకటి పెట్టుకుని తమకు తామే నియమాలు రాసుకున్నాయి. తడి దారి తొందరగా చెడుతుంది, నీ గుర్తు మిగలకుండా పో అన్నది అందులో ఒకటి.

చిన్నాయనకు ఇదంతా చెప్తే ఏమీ ఆశ్చర్యపోలేదు. "పదునుకు రాని నేల్లోకి మడక్కూడా దించం గదా! సైకిలెట్ల దించుతావ్?" అన్నాడు.

పదును. ఈ మాట రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేదు గానీ పట్నంలో ఉండే పాఠకుల కోసం. వాన పడగానే ఎవరూ మడక కట్టరు. తడి నేల దున్నితే గడ్డలు లేచి ఎండాక రాయవుతాయి. మట్టిలో తడి తగుపాళ్లకు వచ్చేదాకా ఆగుతారు. వచ్చిందో లేదో తెలుసుకోవడానికి చిన్నాయన చేసే పని ఇదీ. జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో గట్టిగా పిసుకుతాడు. చెయ్యి తెరిచినప్పుడు అరచేతికి అంటుకుంటే పదునుకు రానట్టు. ముద్ద కట్టి చేతికి అంటకుండా ఉంటే నడుమెత్తు నుంచి కింద పడేస్తాడు. ముద్ద ముద్దగానే ఉంటే ఇంకా ఆగాలి. పొడిపొడిగా విచ్చుకుంటే మడక కట్టొచ్చు. "సైకిలుకైతే ఇంకో దినం ఎక్కువ ఆగు. మడకకు నేల మెత్తగుండాల, నీకు గట్టిగుండాల" అన్నాడు. నేను ఈ మధ్య చేసి చూశాను. మంచి ఎండ కాస్తే రేగడి బాటకు నాలుగైదు రోజులు పట్టింది. మబ్బు పట్టిన చిత్త, స్వాతి కార్తెల్లో వారం దాటినా రాలేదు.

మన కడప జిల్లాలో ఏడాదికి పడేదే సుమారు 700 మిల్లీమీటర్లు. జూన్ నుంచి అడపాదడపా పడ్డా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే జోరు. ఈశాన్య రుతుపవనాలు పోయేసరికి డిసెంబరు. కాబట్టి రేగడి దారులకు సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచికాలం. అప్పుడు బండ్లబాట నున్నగా, గట్టిగా, తారురోడ్డు కంటే సుఖంగా ఉంటుంది. ఏప్రిల్ దాటితే బీటలు. సన్న టైరు వాటిలో దిగితే మనిషి హ్యాండిల్ మీదుగా అవతల పడతాడు. పల్లేరుకాయలు, కంపముళ్లతో పంచర్లు సరేసరి.

మరి వానాకాలం సైకిలు కట్టేయాల్సిందేనా? అక్కర్లేదు. నేల మారితే లెక్క మారుతుంది. కొండల పాదాన ఉండే ఎర్రటి గరుసు నేల నీళ్లు పట్టి ఉంచదు. పొద్దున వాన పడితే ఎండ కాసిన మర్నాటికి తొక్కొచ్చు. ఇసుక బాటలైతే తడిసినప్పుడే నయం, పొడి ఇసుకలో కూరుకునే చక్రం తడి ఇసుక మీద తేలిగ్గా పోతుంది. ఏదీ కుదరకపోతే మైదుకూరు నుంచి బ్రహ్మంగారిమఠం వైపు తారురోడ్డు ఉండనే ఉంది, తూర్పున నల్లమల కొండలు చూసుకుంటూ పోవచ్చు. కొండల్లోకి మాత్రం అటవీశాఖను అడగకుండా చొరబడొద్దు. చప్టా మీద నీళ్లు పారుతుంటే మోకాలి లోతే కదా అని సైకిలు దించొద్దు. పారే నీళ్లకు మనిషి కంటే ముందు సైకిలే లొంగుతుంది, దాన్ని పట్టుకోబోయి మనిషి పోతాడు. దారి మధ్యలో ఒకచోట మాత్రమే బురద తగిలితే దిగి, సైకిలెత్తుకుని దారి నడిమధ్య నుంచే నడవండి. పక్కన చేలోకి పోకండి.

ఇన్ని చెప్పినా బురదైతే ఎలా? పుల్లతో మట్టిని తడి మీదే గీకెయ్యండి. రేగడి ఎండితే ఉలి కావాలి. తర్వాత బకెట్టు నీళ్లు, పాత గుడ్డ. మోటారు సైకిళ్లు కడిగే ప్రెషర్ పైపు కింద పెట్టించొద్దు. నీళ్లు హబ్బుల్లోకి దూరి గ్రీజును కడిగేస్తాయి. మావాడు మొదటి రోజు అదే చేయించాడు, హైదరాబాద్ వెళ్లాక బేరింగులు మార్పించుకున్నాడు. బ్రేకు రబ్బర్లలో ఇరుక్కున్న ఇసుక తియ్యకపోతే రిమ్మును ఆకురాయిలా అరగదీస్తుంది. చైను తుడిచి, ఆరాక చుక్క చుక్క నూనె. డిస్కు బ్రేకులైతే డిస్కు మీద ఆ చుక్క పడకుండా చూసుకోవాలి.

గట్టు సంగతి. పెద్దమ్మ లేచి తిరగడం మొదలెట్టాక, ఒక వాన పడి గట్టు మెత్తబడితే చూసుకుని, ఇద్దరు కూలీలతో పాటు నేనూ పార పట్టి గాళ్లు పూడ్చాను. గట్టిగా ఉన్నప్పుడు తవ్వితే పెళ్లలు లేస్తాయి, మరీ తడిగా ఉంటే పారకే అంటుకుంటుంది. దానికీ పదును కావాలి! ఒకటిన్నర రోజు పని. మేనల్లుడు వాడి పాకెట్ మనీలోంచి ఒక కూలి పంపించాడు. ఎవరూ అడగలేదు, వాడే పంపాడు.

మొన్న శనివారం రాత్రి ఫోన్ చేశాడు. "మామా, ఆదివారం వద్దామనుకుంటున్నా. వాన పడిందా?"

"గురువారం పడింది."

"నేల పదునుకొచ్చిందా?"

టార్చి తీసుకుని బయటికి పోయి, బాట అంచున చేరెడు మట్టి తీసి పిసికి చూశాను. చేతికి బంకలా అంటుకుంది. తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే అరుగు మీద నుంచి చిన్నాయన అడిగాడు, "ఏమంటాడు మనవడు?"

"వచ్చే వారం వస్తాడంట" అన్నాను.